కీపర్ వెనక ఎవరున్నారు?

కర్నూల్లోనో కడపలోనో ఏదైనా బడి మైదానం పక్కన సాయంత్రం పూట కాసేపు నిలబడండి. పిల్లలు క్రికెట్‌కు జట్లు పంచుకుంటుంటారు. పంపకం అంతా అయిపోయాక ఒక చిన్నవాడు మిగిలిపోతాడు. బ్యాటు వాడి నడుముకంటే పొడుగుంటుంది. బంతి విసిరితే సగం దూరం పోదు. పెద్దపిల్లల్లో ఒకడు వాడి భుజం మీద చెయ్యేసి, "అబ్బీ, నువ్వు పొయ్యి కీపర్ ఎనకాల నిలబడు" అంటాడు. వాడు సంబరంగా ఉరుకుతాడు. కీపర్ వదిలేసిన ప్రతి బంతికీ కంపచెట్లలోకీ మురుక్కాలవలోకీ పరుగెత్తేది వాడే. ఆపితే మెచ్చుకునేవాడు ఉండడు. ఒక్కటి వదిలితే మాత్రం నాలుగు పరుగులు పోయినందుకు అందరూ వాడి మీదే పడతారు. వాణ్ని ఆటలో అరటిపండు అంటారు. ఆడుతున్నట్టే ఉంటాడు గానీ లెక్కలో ఉండడు.

వాడు నిలబడే ఆ చోటికి క్రికెట్‌లో లాంగ్‌స్టాప్ అని పేరు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు పిచ్‌లు గతుకులతో ఉన్న రోజుల్లో అది చిన్నపిల్లాడికి ఇచ్చే చోటు కాదు. బంతి ఎటు లేస్తుందో కీపర్‌కే తెలియనప్పుడు వెనకాల నమ్మకస్తుడు ఉండి తీరాలి. పిచ్‌లు నునుపు తేలాక, కీపర్లు పనితనం పెంచుకున్నాక పెద్దల ఆటలో ఆ స్థానం పోయింది. అమెరికా వాళ్ల బేస్‌బాల్‌లో ఇదే పనిని మనిషికి బదులు కంచె చేస్తుంది. బంతి పట్టేవాడి వెనక నిలిపే ఆ కంచెకు బ్యాక్‌స్టాప్ అని పేరు. ఆ మాట మైదానం దాటి ఖజానాల్లోకీ ఒప్పందాల్లోకీ నడిచింది. బ్యాంకులు కూలితే జనం సొమ్ము మునిగిపోకుండా ప్రభుత్వం పడే పూచీని 2008 సంక్షోభం తర్వాత అదే పేరుతో పిలిచారు. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి విడిపోతున్నప్పుడు ఐర్లండు సరిహద్దులో మళ్లీ తనిఖీ గేట్లు లేవకుండా 2018 నవంబరు ఒప్పందంలో రాసుకున్న హామీ పేరూ బ్యాక్‌స్టాపే. ఆ ఒప్పందాన్ని 2019లో బ్రిటన్ పార్లమెంటు మూడుసార్లు తోసిపుచ్చింది. చివరకు ప్రధాని థెరిసా మే పదవి వదులుకున్నారు. గొడవంతా రెండే సంగతుల మీద జరిగింది. ఈ పూచీ ఎంతకాలం ఉంటుంది, దాన్ని ఒక్క పక్షమే తీసిపారేయగలదా? నచ్చినా నచ్చకపోయినా ఆ మాటకు బరువుందని ఇరువైపులా నమ్మారు కాబట్టే అంత కొట్లాడారు.

ఈ ఆటమాటలో మనం గట్టిగా పట్టుకోవాల్సిన అర్థం అక్కడే ఉంది. బంతి పడకముందే ఆ మనిషి అక్కడ నిలబడి ఉండాలి. అతను కీపర్ కాకుండా వేరే మనిషై ఉండాలి. బంతి వదిలేసిన కీపరే వెనక్కి పరుగెత్తి దాన్ని ఆపుతాడనుకుంటే వెనక ఎవరూ లేనట్టే లెక్క. ఇంకొక సంగతి కూడా ఆటే చెబుతుంది. పిచ్ ఎంత గతుకైతే వెనక మనిషి అంత అవసరం. ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని, పడితే నాలుగు రోజుల్లో ముంచి పోయే కర్నూలు, కడప జిల్లాలకంటే గతుకు పిచ్ ఈ రాష్ట్రంలో మరెక్కడుంది? ఇక్కడి రైతుకు, ఇక్కడి ఊరికి, ఇక్కడి పట్నానికి వెన్నుదన్ను మొదట ఏర్పాటు కావాలి. కానీ తొంభై ఏళ్లుగా ఇక్కడ నిలబెట్టినవన్నీ కాగితపు మనుషులే. ఏ పార్టీ ప్రభుత్వానికీ ఈ నేరారోపణ నుంచి మినహాయింపు లేదు.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ కూర్చున్నారు. సీమ తరఫున కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు వంటివారు, అటువైపు భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటివారు ఒక మాట మీదికి వచ్చారు. ఆంధ్ర రాష్ట్రం అడగాలంటే సీమకున్న భయం పోవాలి. ఆ భయం తీర్చడానికి రాసుకున్నవే ఆనాటి భాషలో 'రక్షణలు'. సీమ, నెల్లూరు జిల్లాల సేద్యం కోస్తాతో సమానమయ్యేదాకా, పదేళ్లు గానీ అవసరమైతే అంతకు మించి గానీ, తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్లలో వాటికే మొదటి హక్కు. రాజధాని, హైకోర్టు రెండూ ఒక్కచోట ఉండవు. వాటిలో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. మాటలు మంచివి, మనుషులు పెద్దవాళ్లు. అయితే ఈ ఒప్పందం మీరితే ఎవరు అడ్డుపడాలో అందులో లేదు. ఏ కోర్టు, ఏ మండలి, ఏ కాలపరిమితి దాన్ని కాపాడాలో రాయలేదు. కీపర్ పేరు రాసి, వెనక స్థలం ఖాళీగా వదిలేశారు.

ఆ ఖాళీలోంచి ఏమేం జారిపోయాయో చూడండి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, తర్వాతి ఏడాది గుంటూరుకు హైకోర్టు వెళ్లింది. 1956 నవంబరు 1న రెండూ కలిసి హైదరాబాదు చేరాయి. కర్నూలు రాజధానిగా ఉన్నది మూడేళ్ల ఒక నెల. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు సీమ మళ్లీ అదే పాత కాగితం చేతపట్టుకుని నిలబడింది. 2019 నుంచి హైకోర్టు అమరావతిలో నడుస్తోంది. 2020లో కర్నూలు న్యాయ రాజధాని అని చట్టం చేశారు, 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో కర్నూలుకు హైకోర్టు ధర్మాసనం కావాలని శాసనసభ తీర్మానించింది. మొత్తం హైకోర్టు ఇస్తామన్న మాట ధర్మాసనం దాకా తగ్గింది. ఇవ్వడానికీ తీసేయడానికీ చట్టం చేసే చెయ్యి ఒక్కటే అయినప్పుడు ఆ చట్టాన్ని రక్షణ అని ఎలా పిలుస్తాం?

నీటి సంగతి ఇంతకంటే చేదు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు అది కరెంటు ప్రాజెక్టు. దాని కింద మునిగిన ఊళ్లు మాత్రం కర్నూలువి, మహబూబ్‌నగర్‌వి. సుమారు వంద ఊళ్ల జనం ఇల్లూ చేనూ వదిలి వచ్చేశారు. ఆ జలాశయం నుంచి సీమకు నీళ్లు పోయే నోరు పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్. దాని తూముల అడుగు 841 అడుగుల ఎత్తున ఉంది. జలాశయం నిండితే 885 అడుగులు. నీళ్లు 881 అడుగులు దాటితేనే అది పూర్తిగా పారుతుంది. 854 దగ్గర ఏడు వేల క్యూసెక్కుల లోపే వస్తుంది. 841కి దిగితే చుక్క రాదు. ఇప్పుడు జీవోలు చూద్దాం. కరెంటు కోసమైనా దిగువ అవసరాలకైనా ఇంతకంటే కిందికి తోడకూడదు అనే హద్దును 1996 జూన్‌లో జీవో 69 తో 834 అడుగులకు దించారు. మళ్లీ చదవండి. సీమ నోరు 841 దగ్గరుంటే, సీమకు రక్షణగా చెప్పే గీత 834 దగ్గర గీశారు. దాహం వేసినవాడి నోటికి ఏడడుగుల కింద చెంబు పెట్టి, చెంబులో నీళ్లున్నాయి కదా అన్నట్టు.

ఎన్నో ఏళ్ల ఆందోళన తర్వాత 2004 సెప్టెంబరులో జీవో 107 వచ్చింది. గీతను 854కు లేపింది. రైతులు దాన్ని విజయంగానే చూశారు, చూడాల్సిందే కూడా. కానీ ఆ గీత దగ్గర కాపలా ఎవరు? నీళ్లు తోడేది ప్రభుత్వమే, గీత గీసిందీ ప్రభుత్వమే, దాటితే అడగాల్సిందీ ప్రభుత్వమే. రాష్ట్రం విడిపోయాక ఎడమగట్టు పవర్‌హౌస్ తెలంగాణ చేతికి, కుడిగట్టు ఆంధ్రప్రదేశ్ చేతికి వచ్చాయి. 2021 వానాకాలం మొదట్లో జలాశయం 854కు ఎంతో కిందుండగానే తెలంగాణ ఎడమగట్టులో టర్బైన్లు తిప్పింది. ఆంధ్రప్రదేశ్ కృష్ణా బోర్డుకు ఉత్తరాలు రాసింది, సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ బోర్డు కూడా ఒక వెన్నుదన్నుగానే పుట్టింది, 2014 పునర్విభజన చట్టం దాన్ని అందుకే పెట్టింది. నది సీమ అంచున పారుతుంది, జలాశయం సీమ ఊళ్ల మీద నిలిచింది. అయినా ఆ బోర్డు కర్నూలులో ఉండాలని సీమ అడుగుతుంటే విశాఖపట్నంలో పెడదామని మన ప్రభుత్వమే ప్రతిపాదించింది. బంతి ఇటు పడుతుంటే ఆపేవాణ్ని మైదానం అవతలి మూలకు పంపడం ఏ ఆటలో చూశాం?

డెల్టా రైతు దాహం అబద్ధం కాదు, నల్లగొండ బీళ్ల దాహమూ అబద్ధం కాదు. వాళ్ల పొట్ట కొట్టి సీమను నింపమని ఎవరూ అడగడం లేదు. మనం అడుగుతున్నది గీసిన గీత నిలవాలని.

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువుంది. 1369లో విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని జరిగిందని అక్కడి సంస్కృత శాసనం చెబుతుంది. ఆ శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు పట్టకూడని ఆరు దోషాలు లెక్కపెట్టారు. గట్టు నుంచి నీరు ఊరడం, చౌడు నేల, చెరువు మధ్యలో దిబ్బ, నీరు తక్కువ ఆయకట్టు ఎక్కువ, నీరు ఎక్కువ ఆయకట్టు తక్కువ. వీటితో పాటు మరో దోషం ఉంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం. ఆరున్నర శతాబ్దాల కిందట ఈ గడ్డ మీది ఇంజనీర్లకు తెలిసిన సంగతి ఇది. సరిహద్దున నీరుంటే తగువు తప్పదు, ఆ తగువుకు ముందే పూచీ ఉండాలి. శ్రీశైలం రెండు రాష్ట్రాల సరిహద్దున ఉంది. తుంగభద్ర మీద ముగ్గురికి హక్కులున్నాయి. నీరు తక్కువ ఆయకట్టు ఎక్కువ అన్న దోషం సీమ కాలవలన్నిటికీ ఉంది. భాస్కరుడి మనుషులు దోషాలుగా రాసినవాటి మీదే మనం ప్రాజెక్టులు కట్టి, వాటి వెనక ఎవరినీ నిలబెట్టకుండా వదిలేశాం. పోరుమామిళ్ల చెరువు నేటికీ నిలిచి ఉంది.

కె.సి. కెనాల్ సంగతి చూడండి. కర్నూలు నుంచి కడప దాకా మూడువందల కిలోమీటర్లు నడిచే కాలవ. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ దీనికి 39.9 టీఎంసీల హక్కు రాసింది. ఆ హక్కు మొదలయ్యే చోట సుంకేసుల బ్యారేజీలో పట్టే నీరు 1.2 టీఎంసీలు. పైనుంచి వరద వచ్చినన్ని రోజులు కాలవ పారుతుంది. నది ఆగిన పది రోజులకు కాలవ కింది నారుమడి నోరు తెరుస్తుంది. నలభై ఎకరాల పట్టా ఇచ్చి ఒక గోనెసంచి గింజలు దాచుకునే గది మాత్రమే కట్టినట్టు. సుంకేసులకు ఎగువన గుండ్రేవుల దగ్గర ఇరవై టీఎంసీలు నిలిపే జలాశయం కడితే ఆ కాలవకు నిజమైన వెన్నుదన్ను అవుతుందని రైతులు అడుగుతున్నది ఇప్పటి మాట కాదు. ఆ జలాశయం ఎన్నికల సభల్లో నిండుతూ, నేల మీద ఎండుతూ ఉంది. 2016 మే 31న కృష్ణ మీద సిద్ధేశ్వరం దగ్గర రైతులు తామే అలుగుకు శంకుస్థాపన చేయడానికి బయలుదేరారు. ప్రభుత్వం పోలీసులను పెట్టి దారులు మూసింది. రక్షణ అడిగినవాళ్ల మీదే కాపలా పెట్టింది.

ఇక ప్రాణాల సంగతి. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెల్లవారుజామున తెగింది. పైన పింఛా ప్రాజెక్టు కట్ట అప్పటికే పోయింది. స్పిల్‌వే తట్టుకోగలిగినదానికి మించి నీరు వచ్చింది, నిజమే. ఆ స్పిల్‌వేకు ఉన్న గేట్లు ఐదు. అందులో ఒకటి పనిచెయ్యలేదు. ఈ సంగతిని కేంద్ర జలశక్తి మంత్రి పార్లమెంటులోనే చెప్పారు. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు ఊళ్లలో దీపాలు వెలగాల్సిన పొద్దున ఇసుకమేటల కింద మనుషుల్ని వెతికారు. పదుల మంది పోయారు. పశువులకు లెక్కే లేదు. ఇళ్ల చోట ఇసుక మిగిలింది. మూడేళ్లు దాటినా ఆ కట్ట మళ్లీ లేవలేదు.

వరద దేవుడి చేతిలో ఉందని చెప్పేవాళ్లకు ఒక్క మాట. వాన దేవుడి చేతిలో ఉంది. తుప్పు పట్టిన గేటు దేవుడి చేతిలో లేదు. ప్రతి ఏడాదీ వానలకు ముందు ఆ ఐదు గేట్లనూ ఎత్తి దించి చూడాల్సిన పని ఒక ఉద్యోగం. దానికి జీతం ఉంది, దాని మీద సంతకం పెట్టే అధికారి ఉన్నాడు, నిధులు విడుదల చెయ్యాల్సిన శాఖ ఉంది, ఆ శాఖకు మంత్రి ఉన్నాడు. ఆ గేటు ఎత్తే మనిషే చెయ్యేరు ఊళ్లకు లాంగ్‌స్టాప్. బిల్లులు రాకో, మనుషులు లేకో, పట్టించుకోకో ఆ చోటు ఖాళీ అయింది. కట్ట తెగిన పదమూడో రోజున, డిసెంబరు 2న, రాజ్యసభ ఆనకట్టల భద్రత బిల్లుకు ఆమోదం తెలిపింది. వానలకు ముందూ వెనకా తనిఖీలు జరగాలని, ముప్పు వస్తే ఏం చెయ్యాలో ముందే ప్రణాళిక ఉండాలని ఆ చట్టం చెబుతుంది.

చట్టం వచ్చి మూడేళ్లు కాకముందే 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. డెబ్భై ఏళ్ల డ్యాం, ముప్పై మూడు గేట్లు, నిండుకుండ లాంటి జలాశయం. ఒక గేటు పోతే దాని ముందు దించి నీరు ఆపడానికి స్టాప్‌లాగ్ అనే ఇనుప పలకలు ఉంటాయి. ఆ పేరులోనే స్టాప్ అనే మాట ఉంది. ఆ రాత్రికి తుంగభద్ర మీద దించడానికి సిద్ధంగా ఉన్న పలకలు లేవు. ఇంజనీరు కన్నయ్యనాయుడు వంటివారు అప్పటికప్పుడు కొలతలు తీసి, హొసపేట చుట్టుపక్కల కర్మాగారాల్లో పలకలు చేయించి, పారే నీటిలోనే దించి ఆపారు. వారం రోజుల్లో ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. వాళ్ల పనితనం ఒక ప్రశ్నకు జవాబు కూడా చెప్పింది. వారం రోజుల్లో చెయ్యగలిగిన పలకలను డెబ్భై ఏళ్లలో ఎందుకు చేయించి పెట్టుకోలేదు? ఆ వారంలో నది పాలైనవి పదుల టీఎంసీలు. ఆదోని, ఆలూరు దిగువ కాలవ రైతుకు, కె.సి. కెనాల్ చివరి ఊరికి రావలసిన నీళ్లు అవి.

మార్కెట్ యార్డులోనూ ఇదే ఆట. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో కర్నూలు ఉల్లి ధర పడిపోయింది. యార్డులో సంచులు కుళ్లుతున్నప్పుడు ప్రభుత్వం క్వింటా 1200 రూపాయలకు కొంటామంది, తర్వాత హెక్టారుకు 50 వేల సాయం ప్రకటించింది. ఆ సాయాన్ని కాదనము, అందినవాళ్లకు అది ప్రాణం. ఉల్లి కనీస మద్దతు ధరల జాబితాలోనే లేదు. విత్తు పడకముందు ఈ ధర కంటే కిందికి పోనివ్వమని రైతుకు చెప్పేవాళ్లే లేరు. బంతి హద్దు దాటి పోయాక దాని వెంట పరుగెత్తడం సాయం అవుతుంది, రక్షణ కాదు. పత్తికొండ టమాటా రైతు ఏటా రోడ్డు మీద గంపలు బోర్లించేది ఈ తేడా తెలియజెప్పడానికే.

మాట ఎంత నీళ్లగా రాస్తే రక్షణ అంత నీళ్లవుతుంది. 2014 చట్టం పదమూడో షెడ్యూలులో కడప ఉక్కు కర్మాగారం గురించి ఉన్నది ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని. కట్టాలని లేదు. ఆ ఒక్క క్రియాపదం మీద 2018లో ఒక ముఖ్యమంత్రి, 2019లో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023లో ఇంకోసారి చేశారు. అదే చట్టం వెనుకబడిన జిల్లాలకు ప్రత్యేక ప్యాకేజీ అంది, వచ్చింది జిల్లాకు ఏడాదికి 50 కోట్లు. అదీ మధ్యలో ఆగింది. తెలంగాణ కథ మనకు కళ్లెదుట ఉంది. 1956 ఫిబ్రవరి పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు ఒక్కొక్కటే పోయినప్పుడు 1969లో ఆ జనం మొదట అడిగింది రక్షణల అమలే. అవి అమలు కాలేదు. 2014 జూన్ 2న రాష్ట్రమే తీసుకున్నారు. సీమ ఇంకా అమలే అడుగుతోంది. ఆ ఓపికను అలుసుగా తీసుకోవడం పాలకులకు అలవాటైంది.

కాబట్టి మాటలు ఆపి స్థానాలు నింపాలి. శ్రీశైలంలో 854 అడుగుల గీత జీవోలో కాదు, రెండు రాష్ట్రాలూ కేంద్రమూ సంతకం పెట్టిన ఒప్పందంలో ఉండాలి. దాన్ని ఏ ఒక్కరూ ఒంటిచేత్తో మార్చలేని విధంగా ఉండాలి. నీటిమట్టం, పవర్‌హౌస్‌ల తోడకం ప్రతి గంటా కర్నూలు కలెక్టరేటు గోడ మీద జనానికి కనిపించాలి. బోర్డు కర్నూలుకు రావాలి. గుండ్రేవులకు ఈ బడ్జెట్‌లోనే పని మొదలయ్యేంత డబ్బు పెట్టాలి, టోకెన్ కేటాయింపు కాదు. సీమలో ఉన్న ప్రతి ప్రాజెక్టు గేటునూ మే నెలాఖరుకు ఎత్తి దించి, ఆ రోజు అక్కడ ఉన్న ఇంజనీరు పేరుతో సహా ఆ వివరం ఊరి సచివాలయంలో అంటించాలి. ఐదు గేట్లలో ఒకటి లేవదంటే ఆ సంగతి కట్ట కింది ఊరికి తెలియాలి, నవంబరులో కాదు, మేలోనే.

జూన్‌లో మలెనాడు కొండల్లో వాన మొదలవుతుంది. జులైలో ఎర్రనీరు తుంగభద్ర మీదుగా సుంకేసులకు చేరుతుంది. ఆ నీరు వచ్చేలోగా పలకలు చేశారా, గేట్లు ఎత్తి చూశారా, గుండ్రేవుల దగ్గర ఒక్క తట్ట మట్టయినా లేచిందా అన్నది బ్యారేజీ మీద నిలబడి ఎవరైనా చూడొచ్చు. ఆ రోజు మేమూ అక్కడే ఉంటాం.